ఓపెన్ జీపులో సామానుకు భద్రమైన పెట్టె: ఎంపికలో మెలకువలు

తెల్లవారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటా, బెండ, ఆకుకూర దించిన రైతు ఉత్త చేతులతో ఊరికి తిరిగిపోడు. వచ్చిన పైకంలో కొంత పెట్టి విత్తనాలో, పురుగుమందో కొంటాడు. మోటారు కాలిపోయి ఉంటే రాణిగంజ్ పోయి దానికి కావలసిన సామాను తెస్తాడు. నలుగురైదుగురు చిన్న రైతులు కలిసి ఒకే జీపులో వచ్చిపోవడం పల్లెల్లో కొత్తేమీ కాదు. చిక్కల్లా ఒక్కటే. ఓపెన్ జీపుకు తలుపుల్లేవు, డిక్కీ లేదు, ఉన్నదల్లా గుడ్డ టాపు. చాయ్ తాగి వచ్చేలోపు వెనకాల పెట్టిన స్టార్టరు మాయమైతే అడిగేవాడెవడు?

1806లో కంటోన్మెంటుగా మొదలైన సికింద్రాబాద్‌కు జీపు కొత్త బండి కాదు. మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఈ తరహా బండి గతుకుల దారులకు, పొలం బాటలకు అలవాటైపోయింది. పాత జీపయినా, 2010లో వచ్చిన థార్ అయినా, గుడ్డ టాపు ఉన్నంతకాలం వెనకాల సామాను సంగతి ఒక్కటే. గుడ్డ టాపు ఎండవానలను ఆపుతుందే తప్ప దొంగను ఆపదు. బ్లేడు ముక్క చాలు, అది చిరిగిపోతుంది.

ఏ సామానుకు తాళం కావాలి?

ముందు ఈ లెక్క చూసుకోవాలి. 45 కిలోల యూరియా బస్తాను ఎవరూ చంకన పెట్టుకుని పరుగెత్తరు. దాన్ని తాడుతో బిగించి పైన పట్టా కప్పితే సరిపోతుంది. తాళం కావలసింది చిన్నగా ఉండి ధర ఎక్కువున్న సామానుకు: విత్తనాల ప్యాకెట్లు, పురుగుమందు డబ్బాలు, స్టార్టరు, కేబుల్ వైరు, స్ప్రేయరు విడిభాగాలు, పానాలు. వీటికి పెద్ద పెట్టె అక్కర్లేదు. 36 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న పెట్టెలో దాదాపు 160 లీటర్ల చోటు వస్తుంది. బండి వెనకాల రెండు చక్రాల గూళ్ళ మధ్య కొలత తీసుకున్నాకే పెట్టె చేయించాలి.

నాలుగు పద్ధతులు

1. మామూలు ట్రంకు పెట్టెకు గొలుసు వేసి కట్టడం. ఖర్చు తక్కువ. ఇంటి దగ్గర దించేయవచ్చు. అయితే రేకు పల్చన, గొళ్ళెం బలహీనం. బండి కళ్ళెదుట ఉన్నప్పుడే ఇది పనికొస్తుంది.

2. రేకుతో వెల్డింగు చేయించి నేలకు బోల్టులతో బిగించిన పెట్టె. చిన్న రైతుకు అన్నివిధాలా నప్పేది ఇదే. ఊళ్ళో వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు.

3. వెనక భాగమంతా కప్పేలా తాళం మూత. చోటు బాగా వస్తుంది గానీ మనుషులు కూర్చోవడానికి వీలుండదు.

4. ఇనుప జాలీ బోను. గాలి ఆడుతుంది. కూరగాయల ట్రేలకు మంచిది. లోపలేముందో అందరికీ కనబడటం, వానకు తడవడం దీనిలో లోపాలు.

రేకు మందం, బరువు

20 గేజి రేకు చిన్న గునపానికే వంగిపోతుంది. 18 గేజి, అంటే సుమారు 1.2 మి.మీ. మందం రేకు తీసుకుని, అంచులకు యాంగిల్ వేయిస్తే గట్టిగా ఉంటుంది. పైన చెప్పిన కొలతల పెట్టెకు 18 గేజిలో రేకు బరువే 17-18 కిలోలు, 16 గేజిలో అయితే 23-24 కిలోలు అవుతుంది. యాంగిల్, బందులు, తాళం దీనికి అదనం. బండి మోయగల మొత్తం బరువు ఆర్.సి. కాగితాల్లో ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలినదే మనుషులకు, పెట్టెకు, సరుకుకు కలిపి. పెట్టె ఎంత బరువుగా ఉంటే సరుకు అంత తగ్గించుకోవాలి.

బిగింపులోనే భద్రత

పెట్టె ఎంత గట్టిదైనా బిగింపు వదులైతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. సడన్ బ్రేకు వేస్తే వదులుగా ఉన్న ఇనుప పెట్టె ముందుకు దూసుకొచ్చి మనిషి నడుముకో తలకో తగులుతుంది. కాబట్టి 10 మి.మీ. బోల్టులు తక్కువలో తక్కువ నాలుగు, వీలైతే ఆరు వేయాలి. నేల కిందివైపు ఒక్కో బోల్టుకు మూడంగుళాల చదరం మందపాటి ఇనుప బిళ్ళ వేసి నట్టు బిగించాలి. ఉత్త వాచరు వేస్తే గతుకుల్లో రేకు చిరుగుతుంది. బోల్టు తలలు పెట్టె లోపలికి రావాలి. కింది నట్టులు విప్పడానికి వీల్లేకుండా బోల్టుతో కలిపి ఒక టాకా వేయించవచ్చు.

రంధ్రం వేయకముందు నేల కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు ఎక్కడున్నాయో వంగి చూడాలి. బండి మీదే వెల్డింగు పెట్టాల్సి వస్తే బ్యాటరీ వైర్లు తీసేయాలి. ట్యాంకు దగ్గర వెల్డింగు అసలే వద్దు. సెకండ్‌హ్యాండ్ జీపయితే పట్టా లేపి నేల రేకు తుప్పు పట్టిందేమో తట్టి చూడండి. తుప్పు పట్టిన రేకులో ఏ బోల్టూ నిలవదు.

మూత, తాళం

మూత అంచు పెట్టె మీదికి అంగుళం దిగేలా ఉండాలి. అప్పుడు గునపం దూర్చే సందు ఉండదు, నీళ్ళూ దిగవు. బందులు లోపలివైపు ఉండాలి. బయటికుంటే సీల కొట్టి మూత తీసేస్తారు. తాళంకప్ప కొక్కెం బయటికి కనబడకుండా చుట్టూ రేకు గూడు కట్టిస్తే కోత రంపం ఆడదు. మూత అంచుకు రబ్బరు బీడింగు, అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రం పెట్టించాలి. లోపలా బయటా రెడ్ ఆక్సైడ్ పూసి, పైన లేత రంగు వేయించాలి.

విషం వేరు, విత్తనం వేరు

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. పురుగుమందును తిండి వస్తువులకు, పశువుల దాణాకు తగిలేలా రవాణా చేయకూడదని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. గతుకుల్లో డబ్బా మూత వదులై మందు కారిందంటే పక్కనున్న బియ్యం, పిల్లలకు కొన్న బిస్కెట్లు అన్నీ విషమే. కడిగితే పోతుందనుకోవడం పొరపాటు. అందుకని పెట్టె మధ్యలో రేకు అడ్డం వేయించి, మందు డబ్బాలను ఒకవైపు ప్లాస్టిక్ టబ్బులో నిలువుగా పెట్టాలి. తిండి సామాను ఆ పెట్టెలోనే పెట్టవద్దు. డబ్బాపై ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితమని గుర్తు. తాళం వేయడం దొంగ కోసమే కాదు, ఇంటి పిల్లల కోసం కూడా.

ఎండలో నిలిపిన ఇనుప పెట్టె లోపల కొలిమిలా కాగుతుంది. ఆ వేడికి విత్తనం మొలక శాతం పడిపోతుంది. ట్రైకోడెర్మా, రైజోబియం వంటి జీవన మందులు చచ్చిపోతాయి. తర్వాత పొలంలో వేసినా ఫలితం ఉండదు, డబ్బు వృథా. వీటిని తిరుగు ప్రయాణంలో అన్నిటికన్నా చివర కొనాలి. బండిని నీడన ఆపాలి. వీలుంటే మూత లోపలివైపు థర్మోకోల్ అతికించాలి.

చట్టం సంగతి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు తీసేసి పెట్టె బిగించాలనుకుంటే ముందు ఆర్టీఏ కార్యాలయంలో అడగాలి. తెల్ల నంబరు ప్లేటు బండిలో కిరాయికి సరుకు వేయకూడదు.

ఒకటి రెండెకరాల రైతు ఈ పని కోసం జీపు కొనాల్సిన అవసరం లేదు. నలుగురికి కలిపి ఒక బండి ఉంటే, నలుగురూ తలా కొంత వేసుకుని ఒక పెట్టె చేయించుకోండి. ఇదే పెట్టెను కొలతలు మార్చి ట్రాలీ ఆటోకూ బిగించవచ్చు.

గుర్తుంచుకోండి

- పంట అమ్మిన డబ్బు పెట్టెలో పెట్టవద్దు, ఒంటి మీదే ఉంచుకోండి.
- పెట్టె తాళంచెవిని బండి తాళంచెవితో కలిపి ఉంచవద్దు.
- కొన్న సామాను రసీదులు ఇంట్లో దాచండి. పోతే పోలీసు ఫిర్యాదుకు అవే ఆధారం.
- నెలకోసారి బోల్టులు బిగించి చూడండి.
- రాత్రికి పెట్టె ఖాళీ చేయండి. ఊళ్ళో దొంగలు లేరన్న ధీమా మంచిది కాదు.