కొలదిమంది కొఱకు ఆట వ్రాయవలెనా?



సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనుమడు తన కంప్యూటరు ముందు చిన్నబోయి కూర్చుండెను. కారణ మడుగగా, “తాతయ్యా, నిరుడు డబ్బిచ్చి కొన్న ఆట ఈయేడు నా యంత్రములో నడువదట. మావా రందఱు ఆడుచునే యున్నారు” అనెను. యంత్రము చెడలేదు. పాతదగుటచే దానిలో ఉచితముగా దొరకు లినక్సు అను ఆపరేటింగు సిస్టమును పెట్టించుకొన్నాడు. చిక్కంతయు నచటనే కలదు.

ఆపరేటింగు సిస్టమన నేమి? యంత్రమునకు మన మాట తెలియదు, మనకు దాని మాట తెలియదు. నడుమ నొక దుబాసి కావలెను. ఆ దుబాసియే యిది. ఆట యనునది ఈ దుబాసికి వ్రాసిన ఉత్తరువుల కట్ట. బొమ్మ గీయుమనియు, ధ్వని వినిపింపుమనియు దానితోడనే చెప్పవలెను. మైక్రోసాఫ్టువారి విండోసునకు వ్రాసిన పలుకు, 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సునకు బోధపడదు. ఆపిలువారి మాకునకును బోధపడదు.

ముందుగా పూర్వపక్షము. ఆటల నమ్ము స్టీము అను పెద్ద అంగడివారి 2025 నాటి లెక్కలలో నూటికి ఇంచుమించు 95 మంది విండోసువారే. మిగిలిన కొద్దిమందికై మఱల వ్రాయుటయు, ప్రతి మార్పును మూడుచోట్ల పరీక్షించుటయు వ్యయప్రయాసలే. కార్లతో బంతియాట యాడు రాకెట్ లీగు నిర్మాతలు, మాకు, లినక్సు వాడువా రిరువురును కలిసి తమ ఆటగాండ్రలో వెయ్యికి ముగ్గురైన లేరని చెప్పి, 2020 మార్చిలో వారికి నిలిపివేసిరి. అయినను కొన్నవారికి ధనము తిరిగి యిచ్చుట కంగీకరించిరి. ఈ వాదము త్రోసివేయదగినది కాదు.

ఇక సమాధానము. సంఖ్య యొక్కటియే కొలత కాదు. శనిగ్రహ వలయములలో నౌకను నడపు ‘డెల్టా వి: రింగ్స్ ఆఫ్ సాటర్న్’ అను ఆటను రచించినవారు 2021లో తమ లెక్కలు ప్రకటించిరి. అమ్మిన 12,000 పైచిలుకు ప్రతులలో లినక్సువారు కొన్నవి సుమారు 700. కాని లోపములను దెలుపుచు వచ్చిన 1,040 నివేదికలలో సుమారు 400 వారివే. వారు చూపిన లోపములలో లినక్సునకు మాత్రమే చెందినవి మూడు. తక్కినవి అందఱి యాటను చెఱచునవే. కొద్దిమంది శ్రద్ధవలన పెక్కుమందికి మేలు గలిగినది.

మఱియు నేడు వ్యయమును తగ్గినది. విండోసు పలుకును లినక్సునకు అప్పటికప్పుడు మార్చి చెప్పు ‘వైను’ 1993లో ఆరంభమైనది. దాని యాధారముతో స్టీము అంగడివారు 2018లో ‘ప్రోటాను’ను వెలువరించిరి. 2022లో వారు తెచ్చిన చేతియాట యంత్రము, స్టీము డెక్కు, లినక్సు మీదనే నడచుచున్నది. నిర్మాత లినక్సుకై ప్రత్యేకముగా నొక్క పంక్తి వ్రాయకున్నను వేలకొలది ఆటలు దీనివలన నడచుచున్నవి.

పెక్కురు కలసి యాడు ఆటలలో మాత్రము మోసమును పట్టు కావలి ప్రోగ్రాములు అడ్డుచుండును. అట్టివానిలో ముఖ్యమైన రెండు 2021లోనే ప్రోటానునకు దారి యిచ్చినను, నిర్మాత సమ్మతింపవలెను. 2024లో ఏపెక్స్ లెజెండ్సు నిర్మాతలు, మోసగాండ్రు ఆ దారిని వచ్చుచున్నారని లినక్సువారికి తలుపు మూసిరి. ఆ భయము నిరాధారమనజాలను. కాని దొంగ వచ్చెనని వీధినంతయు మూసినచో, ఆ వీధిని నివసించు నిర్దోషుల గతి యేమి?

నేను బడిలో చెప్పిన కాలమున నలువదిమంది పిల్లలలో ఇరువురకు చూపు మందము. వారికై వేఱు పుస్తకము వ్రాయలేదు. ముందు వరుసలో కూర్చుండబెట్టితిని. ఆ మాత్రమునకే వారు చదువుకొనిరి. ఆటల నిర్మాతలకును ఇదియే ధర్మమని నా తలంపు. ప్రతి వ్యవస్థకును వేఱుగా వ్రాయుమని నిర్బంధింపరాదు. సులభముగా తెఱవదగిన తలుపును విచారింపక మూయరాదు. ఒకమాఱు డబ్బు పుచ్చుకొని యిచ్చినదానిని మరల తీసికొనినచో, ఆ డబ్బును మరల నీయవలెను.

మీ యింటి పిల్లలు ఆట కొనుమని యడిగినచో, అది తమ యంత్రములోని వ్యవస్థకు సరిపడునో లేదో ముందుగా చూడుమని చెప్పుడు. సరిపడనిచో పిల్లవానిని గాని, పాత యంత్రమును గాని నిందింపకుడు.

మా మనుమడు ఆ నిర్మాతలకు ఉత్తరము వ్రాసెను. నేను తప్పులు దిద్దితిని. బదులింకను రాలేదు.