స్టీరింగు మూలుగు

స్టూవర్టుపురం మీదుగా బాపట్ల, చీరాల పోవునపుడు కారు స్టీరింగు త్రిప్పగనే మూలుగు వినబడినచో మనము దానిని ఉపేక్షింపరాదు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో విపణికి వచ్చిన హైడ్రాలిక్ పవర్ స్టీరింగులో పంపును ఇంజను బెల్టు త్రిప్పును. నూనె తగ్గినపుడు పంపు గాలిని పీల్చును. ఆ బుడగలే మూలుగునకు మూలము. కీచుమను శబ్దమైనచో బెల్టు వదులైనదేమో చూడవలెను.

మొదట ఇంజను ఆపి, డబ్బాలో నూనె మట్టమును చూతము. నురుగున్నచో గాలి చేరినదని గ్రహింతము. గొట్టముల కీళ్లవద్ద కారుటను మాన్పించి, కారు పుస్తకములో చెప్పిన నూనెనే పోయవలెను. పిమ్మట ముందు చక్రములను జాకీతో లేపి, స్టాండులపై నిలిపి, ఇంజను ఆపియే స్టీరింగును ఇరువైపుల చివరివరకు మెల్లగా పలుమారులు త్రిప్పి, తగ్గిన నూనెను మరల పోయుదము. గాలి వెడలిపోవును. అప్పటికిని మూలుగు మానకున్న పంపును మెకానిక్కునకు చూపవలెను. ఉపేక్షించిన పంపు చెడి, మలుపులో స్టీరింగు బరువెక్కినచో ప్రాణములకే ముప్పు.