మోర్తాడ్ పసుపు బోరునడుగుతది.. మన్యం పసుపు మబ్బునడుగుతది!

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఫోన్ నిండా లంబసింగి పొగమంచే. వంజంగి మీద మబ్బుల సముద్రం, చేతిలో చాయ్, వెనక సూర్యోదయం. ఆ రీల్‌లో కనపడనిది ఒకటుంది. ఆ మబ్బు కింద వాలుల్లో పసుపు పండుతుంది. అవును, మన మోర్తాడ్ కల్లాల్లో ఆరే పసుపే. మొక్క ఒక్కటే, బతుకులు మాత్రం రెండు.

మోర్తాడ్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ దిక్కు పసుపంటే బోర్లు, కాల్వలు, ఎస్సారెస్పీ నీళ్లు. మధ్యల మక్క సాళ్లు. వానాకాలం మొదట్లో పెట్టిన కొమ్ము ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది. నేల చదునుగా ఉంటుంది కాబట్టి పెట్టిన నీళ్లు పొలంలోనే నిలుస్తాయి. ఇక్కడి రైతు బెంగంతా ఒక్కటే, బోరు ఎండిపోతదేమో అని.

పాడేరు మన్యంలో చాలా చోట్ల కొండ వాలే పొలం, వానే నీళ్లు. ఆ వాన ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే తూర్పు కనుమల్ని ఒకసారి మ్యాప్‌లో చూడండి. పడమటి కనుమల్లా ఇవి గోడలా నిలబడవు. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న కోసేసిన ముక్కలు. నైరుతి గాలి ముందు పడమటి కనుమలకు తగిలి, సగం సరుకు అక్కడే దించేసి వస్తుంది. ఆ లోటును బంగాళాఖాతం తీరుస్తుంది. అల్పపీడనాలు వచ్చి కొండలకు తగిలి పైకి లేస్తాయి, చల్లబడతాయి, కురుస్తాయి.

మరి లంబసింగికి అంత చలెందుకు? ఊరు సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. మిగతాది రాత్రి చేసే పని. మబ్బులేని రాత్రి కొండలు వేడిని ఆకాశానికి వదిలేస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే వాలు పట్టి లోయలోకి జారి గుంటకడుతుంది. తెల్లారి మీరు వీడియో తీసేది ఆ గుంటనే!

ఇప్పుడు ఇంకో మాట. కింద ‘ప్యూర్ నేచర్’ అని క్యాప్షన్ పెడతారు చూడండి, ఆ నిటారు చెట్లు చాలావరకు సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చుట్టాలు. వాటి నీడలో పెరిగే కాఫీ పుట్టిల్లు ఆఫ్రికా. చెట్టుకు పాకే మిరియం తీగ పడమటి కనుమలది. తప్పేం లేదు, అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, వేల కుటుంబాలకు అదే ఆదాయం. కానీ అడవి అంటే అది కాదు. విస్తరాకులిచ్చే అడ్డతీగ, కల్లిచ్చే జీలుగు చెట్టు, శ్రీకాకుళం, విజయనగరం వైపు గుగ్గిలం.. ఇవీ ఇక్కడి పాత కాపులు. ఇంకా దక్షిణాన, శేషాచలం వైపు నేల ఎండిపోయి ఉంటుంది. ఎర్రచందనం అలాంటి చోటునే ఎంచుకుంది. బెడ్డోమి సైకస్ అనే ఈతలాంటి మొక్క ప్రపంచంలో ఆ కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. అందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మందు పేరు చెప్పి మగ కంకులు కోసుకుపోతే విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు అరకు వైపు సిల్వర్ ఓక్‌లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. మొక్క పోయింది, నీడా పోయింది. కొత్త కాఫీ మొక్క కాపుకొచ్చేసరికి మూడు, నాలుగేళ్లు. ఒకే రకం చెట్టును నమ్ముకుంటే ఇదే ఇబ్బంది అని నాకనిపిస్తుంది.

పసుపు సంగతి ఇక్కడే తేలుతుంది. పసుపును కోయరు, తవ్వుతారు. వాలులో తవ్విన మట్టి వదులైపోతుంది. పైన అడవి ఉంటే వేళ్లు, రాలిన ఆకులు వాన నీటిని నెమ్మదిగా దించుతాయి. అడవి లేకపోతే తొలి గట్టివానకే మట్టి వాగులో కలుస్తుంది. మోర్తాడ్‌లో నీళ్లు రాకపోతే భయం, మన్యంలో అవే నీళ్లు పొలాన్ని ఎత్తుకుపోతాయని భయం.

విత్తనం కూడా చోటును బట్టే. ‘రోమా’ అనే రకం ఒడిశా కోరాపుట్‌లోని పొట్టంగి ఎత్తైన ప్రాంతాల పరిశోధన కేంద్రంలో తయారైంది, అదీ తూర్పు కనుమల్లోనే. మన చదును నేలల కోసం కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. బోర్డంటే మన దగ్గర అందరూ ధర గురించే అడుగుతున్నారు, అడగాల్సిందే. కొండ మీది పసుపు రైతు మాత్రం ధరతో పాటు పైన ఉన్న అడవి గురించి కూడా అడగాలి.

ఈసారి వంజంగి పోతే, మబ్బు విడిపోయాక కింద వాలుల్ని కాసేపు చూడండి. పసుపాకు పండిపోయి వాలిందంటే తవ్వకానికి దగ్గర పడినట్టే. ఆ రోజుల్లోనే ఇక్కడ మోర్తాడ్‌లో కూడా మనోళ్లు కొడవళ్లు పట్టుకుని ఆకు కోస్తుంటారు.