ఆఫీస్‌లో పనిచేసే డైట్ యాప్ ఇంట్లో ఎందుకు ఫెయిలవుతుంది?

నాన్నకి షుగర్ అని తెలిశాక, నేను వాడే డైట్ యాప్‌నే ఆయన ఫోన్‌లోనూ వేశాను. నేను ఆఫీస్ రోజుల్లో ఒక్క పూట కూడా ఎంట్రీ వదలను. ఆయన మూడో రోజే ఆపేశారు. బద్ధకం అనుకున్నా. కానీ పండక్కి ఊరెళ్లిన వారం నా లాగ్ చూస్తే అది కూడా ఖాళీ!

యాప్ అదే, మారింది చోటు. క్యాంటీన్‌లో రెండు ఇడ్లీ అంటే రెండు ఇడ్లీ, పది సెకన్లలో ఎంట్రీ అయిపోతుంది. ప్యాకెట్ ఫుడ్‌కి బార్‌కోడ్ ఉంటుంది (మైఫిట్‌నెస్‌పాల్ ఆ స్కానర్‌ని 2022లో పెయిడ్ ప్లాన్‌లోకి నెట్టేసింది, అది వేరే బాధ). అమ్మ వండిన గుత్తి వంకాయకి బార్‌కోడ్ ఎక్కడిది? యాప్ కప్పుల్లో అడుగుతుంది, మనది గరిటెల లెక్క. పైగా అసలు తేడా నూనెలో ఉంటుంది. ఒక టేబుల్ స్పూన్‌కే దాదాపు 120 క్యాలరీలు. మూకుట్లో ఎంత పడిందో అమ్మే కొలవదు, ఇక డేటాబేస్‌కి ఏం తెలుస్తుంది? ఇవి చాలవన్నట్టు, ఒక్కరోజు మిస్సయితే స్ట్రీక్ సున్నా. ఆ తర్వాత యాప్ తెరవబుద్ధి కాదు.

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్ నడిపే డిజిటల్ వెయిట్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రామ్ పద్ధతి వేరు. ఊబకాయంతో పాటు షుగర్ గానీ బీపీ గానీ ఉన్నవాళ్లని డాక్టరో ఫార్మసీయో రెఫర్ చేయాలి. ప్రోగ్రామ్ 12 వారాలు ఉంటుంది. బీఎంఐ కటాఫ్ 30, మనలాంటి సౌత్ ఏషియన్లకి 27.5. మొత్తం మూడు లెవల్స్. మొదటిదాంట్లో అంతా యాపే, పై రెండిట్లో కోచ్ కూడా మాట్లాడతారు. నాకు నచ్చింది ఈ ఆఖరి పాయింటే.

అందుకే నాన్న ఫోన్‌లో ఫుడ్ లాగింగ్ మానేశాం. ఆదివారం రాత్రి కాల్ చేసి బరువెంతో అడుగుతా, అంతే. అమ్మ మాత్రం నూనె ప్యాకెట్ కత్తిరించిన తేదీని క్యాలెండర్‌పై రాస్తుంది. మొదటి లీటర్ పది రోజులకే అయిపోయింది. లీటర్‌లో 8,000 పైనే క్యాలరీలుంటాయి. అంటే ఇద్దరున్న ఇంట్లో, మనిషికి రోజుకి సుమారు 400. ఈ నంబర్ చెప్పగానే అమ్మ, "అంత వాడతానా నేను?" అని నా మీదే కోప్పడింది.

పోయిన ప్యాకెట్ 14 రోజులొచ్చింది. నాన్న బరువు ఇంకా పెద్దగా కదల్లేదు. కానీ ఆదివారం నేను మర్చిపోతే, ఆయనే కాల్ చేస్తున్నారు.