ఇంటనున్న పాత పిస్తోలు

పిస్తోలునకును గృహిణికిని సంబంధమేమని మీరు నవ్వవచ్చును. మగవారు దానిని పెట్టెలో పెట్టి మఱచిపోవుదురు. వానకాలమున దానిపై తుప్పును జూచునది మనమే.

1946 జూలై 4వ తేదిన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొఱిగిన పిమ్మట సాగిన సాయుధ రైతుపోరాటమున నీ సీమయందు వడిసెలలతోపాటు భర్మారులును పనిచేసినవి. భర్మారనగా గొట్టపు మూతినుండి మందు కూరెడి తుపాకి. జనగామకు సమీపమున మా పెదమామగారి యింట నా పద్ధతి పిస్తోలొకటి లైసెన్సుతో నుండెడిది. ఒక దసరాకు ఆయుధపూజకై మేము దానిని చింతపండుతోను ఇటుకపొడితోను తోమితిమి. పెంబర్తి యిత్తడిపళ్లెమువలె మెఱసినది గాని, పిడి యడుగుబిళ్లపై చెక్కిన యక్షరములు చదువరాకుండ నరిగిపోయినవి. పెదమామగారు ఒక్కమాటయు ననలేదు.

తరువాత వచ్చిన తుపాకుల మరమ్మతుదారు అక్షరముల సంగతి యడుగలేదు. సన్నని కఱ్ఱపుల్లను గొట్టములోనికి పోనిచ్చి, మూతియొద్ద గుర్తుపెట్టి, దానిని వెలుపల గొట్టమున కానించి కొలిచెను. పుల్ల నిప్పురంధ్రమువఱకు చేరనిచో లోపల మందుగుండు మిగిలియుండవచ్చునట! పొడిగా నున్న నల్లమందు నూఱేండ్లకైనను చావదు. అదృష్టవశమున లోపల నేమియు లేదు. తోమునపుడు ఆ మూతి మా కడుపువైపే యుండెనని తలచిన నేటికిని ఒడలు జలదరించును. ఈ పరీక్ష తెలిసినవారిచేతనే చేయింపవలయును. అంతకుముందు గుడ్డయైనను తాకింపరాదు.

సామగ్రి స్వల్పము: కఱ్ఱపుల్ల, పాత నూలుగుడ్డ, మెత్తని కుంచె, కుట్టుమిషనుకు వాడెడి పలుచని నూనె. నువ్వులనూనె పెనమునకు మంచిదే. ఇచట బంకగట్టి మరలను పట్టివేయును. మరలు విప్పుట మనపని కాదు, సరిపడని స్క్రూడ్రైవరు వాని తలలను చెఱచును. నల్లమందు కాలిన మసి తేమను పీల్చును. అది నూనెకు లొంగదు, వేడినీటికే కరుగును. కడిగినచో పిడికి నీరు తగులనీయక, గొట్టము బొత్తిగా ఆఱిన పిదప నూనె పూయవలయును. ఎఱ్ఱని వదులుతుప్పును నూనెలో నానబెట్టి తుడువుడు. గట్టిగా నంటిన గోధుమవన్నె పొరను మాత్రము గీకకుడు. మహబూబాబాదు జిల్లా బయ్యారపు ఇనుపరాయివలె నదియు ఇనుము ప్రాణవాయువుతో గలిసినదే. వస్తువు వయస్సును దెలుపునది.

భూపాలపల్లివైపు గోదావరి యడవిగ్రామములలో వానకాలపు తేమ మెండు. అచటివారు తోలు ఒఱలో నుంచుట వాడుక యందురేమో, వలదు. తోలు తేమను పట్టి యుంచును, దానిని పదును చేసిన ద్రవ్యములు ఇనుమును తినును.

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము, మరమ్మతు చేసినను పేలని పురాతనాయుధమునకు మినహాయింపు కలదు. పేలగలదానికి లైసెన్సు వలయును. లైసెన్సుదారు గతించినచో దానిని పోలీసుఠాణాలో గాని లైసెన్సుగల వ్యాపారియొద్ద గాని జాగుసేయక అప్పగింపవలయును. పెదమామగారు పోయినపుడు మేమట్లే చేసితిమి. బిళ్లపై నేమి వ్రాసియున్నదని అచటివారడిగిరి. అరిగిపోయినదని మేమే చెప్పవలసివచ్చెను.