పచ్చ అంటే ఏ రంగు?

భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసింది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నాడు మధ్యప్రదేశ్‌లోను, 2000 నవంబరు నుండి ఛత్తీస్‌గఢ్‌లోను ఉన్న ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు, తమిళం, మలయాళం, ఒడియా, బెంగాలీ మాట్లాడేవారు ఒకే షిఫ్టులో పనిచేశారు. తొలి సంవత్సరాలలో సోవియట్ నిపుణుల రష్యన్ భాష కూడా వీటితో కలిసింది. ఇన్ని భాషలవారు ఒకే వస్తువును చూపి దాని రంగును ఒకే విధంగా చెప్పుకోగలరా అన్నది ఇటువంటి చోట కేవలం పండిత చర్చ కాదు.

ఉక్కు కర్మాగారంలో ఎటు చూసినా గొట్టాలే. దేనిలో ఏది ప్రవహిస్తున్నదో దూరం నుండే తెలియడానికి భారతీయ ప్రమాణం కొన్ని వర్ణ సంకేతాలను నిర్దేశించింది. నీటికి సముద్రపు ఆకుపచ్చ, వాయువులకు కానరీ పిట్ట పసుపు, గాలికి ఆకాశనీలం, ఆవిరికి వెండి బూడిద వన్నె. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. రంగు ఉన్నది గొట్టానికి మాత్రమే. 2014 జూన్ 12న భిలాయిలో గ్యాసు వెలువడి ఆరుగురు మరణించారు. ఆ దుర్ఘటనకు రంగుల పేర్లతో సంబంధం లేదు. కాని గ్యాసు గొట్టాన్ని మరొకటిగా పొరబడితే ఏమి జరగగలదో దానిని బట్టి ఊహించవచ్చును. అటువంటి చోట ఒక తెలుగు కార్మికుడు తన తోటివానితో "ఆ పచ్చ గొట్టం" అంటే ఏది? నీటిదా, గ్యాసుదా?

తెలుగులో పచ్చ రెండు రంగులకూ చెల్లుతుంది. పచ్చగడ్డి ఒక రంగు, పచ్చసొన మరొక రంగు. పచ్చని చేను ఒకటి, పచ్చకామెర్లు వేరొకటి. పల్లెలో ఇందువల్ల ఏ చిక్కూ రాదు. చేనో, కంటి జబ్బో ఎదురుగానే ఉంటుంది. స్పష్టత కావలసినప్పుడు ఆకును, పసుపుకొమ్మును తోడు తెచ్చుకొని ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాము. పసుపు అనే మాట కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. పసరు, పసిమి, పచ్చిక, పచ్చి అన్నవి దాని సంతతియే. తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ అన్న నాలుగే తెలుగుకు పుట్టుకతో వచ్చిన ప్రధాన వర్ణనామాలు. నీలం సంస్కృతం నుండి వచ్చింది.

సోదర భాషలు వేరు దారి పట్టాయి. తమిళ మలయాళాలలో పచ్చ కేవలం ఆకు రంగు. పసుపుకొమ్ముకూ, దాని వన్నెకూ మంజళ్ అన్న మాట ఉన్నది. కన్నడంలో పకారం హకారమై ఆకుపచ్చ హసిరు అయింది. అయితే ఈ కలయిక ద్రావిడ భాషల సొత్తేమీ కాదు. సంస్కృతంలో హరి, హరిత శబ్దాలు పసుపునూ, ఆకుపచ్చనూ సూచించాయి. హరిద్ర అంటే పసుపు. ఆ ధాతువు నుండే హిందీ హరా వచ్చింది. శ్రావణ అమావాస్యనాడు ఛత్తీస్‌గఢ్ రైతులు నాగలిని పూజించే హరేలీ పండుగ పేరులోనూ ఆ పచ్చదనమే ఉన్నది. పసుపు రంగును హిందీ పీలా అని విడదీసింది. ఒడియా, బెంగాలీలు పసుపుకొమ్ము పేరును ఆ రంగుకు ఉంచి, ఆకుపచ్చకు పారసీక మూలం గల సబుజ అన్న మాటను స్వీకరించాయి. ఇంగ్లీషువారి యెల్లో, గోల్డ్ అన్న మాటలు సైతం మన హరి, హిరణ్య శబ్దాలకు దూరపు బంధువులే.

బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అన్న అమెరికా పండితులు 98 భాషలను పరిశీలించి 1969లో ఒక గ్రంథం ప్రకటించారు. భాషలలో మొదట తెలుపు నలుపులకు, పిమ్మట ఎరుపుకు, ఆ తర్వాత పసుపు ఆకుపచ్చలకు, అటుపైన నీలానికి పేర్లు ఏర్పడతాయని వారి సిద్ధాంతం. దీనికి అనంతర కాలంలో ఎన్నో సవరణలు జరిగాయి. పేర్లు తక్కువైన భాష చూపు తక్కువైనది కాదన్నది మాత్రం నిశ్చయం. మనము నీలం అనే ఒక్క మాటతో సరిపెట్టుకొనే చోట రష్యన్లకు సీనీ, గొలుబోయ్ అని రెండున్నాయి. మొదటిది ముదురు, రెండవది లేత. ఈ రెండు పేర్ల సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఛాయలను రష్యన్లు మరింత వేగంగా గుర్తిస్తారనీ, మనసులో మాటలు వల్లించే పని ఒప్పగిస్తే ఆ వేగం పోతుందనీ 2007లో ప్రకటితమైన ప్రయోగం తెలిపింది. మరి ఆ గాలి గొట్టం రంగు మనకు నీలమే, రష్యన్ నిపుణునికి మాత్రం గొలుబోయ్. దానిని సీనీ అంటే అతనికి పొరపాటుగా తోస్తుంది.

కర్మాగారపు భాషలో తెలుగువానికి అనుకూలించే మాట కూడా ఒకటి ఉన్నది. పోతపని షాపులలో గ్రీన్ శాండ్ అనే ఇసుక వాడతారు. పేరు విని ఆకుపచ్చ ఇసుక కోసం వెదికితే అది కనబడదు. బంకమట్టి, నీరు, బొగ్గుపొడి కలిసిన ఆ ఇసుక నల్లగా ఉంటుంది. ఆ అచ్చును కాల్చకుండా, తడి ఉండగానే లోహం పోస్తారు గనుక ఇంగ్లీషులో ఆ పేరు వచ్చింది. మన ఊళ్లలో కాల్చని ఇటుకను పచ్చి ఇటుక అంటారు. కొత్తగా చేరిన తెలుగు కార్మికునికి దానిని పచ్చి ఇసుక అని చెబితే వేరే వివరణ అక్కరలేదు.