వాననీటి కాలుష్య నియంత్రణకు స్థిరాస్తి రుసుము: అమెరికా నగరాల అనుభవం

నగరంలో కురిసిన వాన కాలువను చేరేలోపే మలినమవుతుంది. రహదారులపై వాహనాలు కార్చిన నూనె, టైర్ల అరుగుదల వలన రాలిన జింకు, బ్రేకుల నుండి వెలువడిన రాగి, పచ్చిక బయళ్లకు వేసిన ఎరువులలోని నత్రజని, భాస్వరం, పెంపుడు జంతువుల విసర్జితాలు, నిర్మాణ స్థలాల మట్టి తొలి జల్లులతోనే కొట్టుకొనివచ్చి వాగులలో, నదులలో కలుస్తాయి. కర్మాగారపు వ్యర్థజలానికి ఒక గొట్టం, ఒక యజమాని ఉంటారు కనుక బాధ్యుని గుర్తించడం సులభం. వాననీటి కాలుష్యానికి మాత్రం నగరంలోని ప్రతి కప్పు, ప్రతి వాకిలి కొంత కారణమే. అటువంటప్పుడు దీని నియంత్రణకయ్యే ఖర్చును ఎవరి నుండి, ఏ లెక్కన రాబట్టాలి? అమెరికాలోని అనేక నగరాలు స్థిరాస్తి యజమాని నేలను ఎంతమేర కప్పివేశాడో కొలిచి, ఆ మేరకు రుసుము విధిస్తున్నాయి. ఈ లెక్క వెనుక ఉన్న శాస్త్రం, ఆచరణలో ఎదురైన చిక్కులు, అది కొలవలేని అంశాలు ఈ వ్యాసంలో చర్చించబడ్డాయి.

చట్టం మోపిన బాధ్యత

1972 నాటి స్వచ్ఛజల చట్టం ప్రధానంగా కర్మాగారాల, మురుగునీటి శుద్ధి కేంద్రాల విడుదలలను అదుపు చేసింది. 1987లో జరిగిన సవరణ పురపాలక వాననీటి కాలువలను కూడా అనుమతి పత్రాల పరిధిలోనికి తెచ్చింది. 1990 నాటి నియమాలు లక్ష, అంతకు మించిన జనాభా గల నగరాలకు, 1999 నాటి నియమాలు చిన్న పట్టణాలకు వర్తించాయి. కాలువలలోనికి అక్రమంగా కలిపిన మురుగు గొట్టాలను తొలగించడం, నిర్మాణ స్థలాల నుండి మట్టి కొట్టుకుపోకుండా చూడడం, కొత్త కట్టడాల వద్ద నీటిని నిలిపే ఏర్పాట్లు చేయించడం నగరాల విధి అయింది. విధి వచ్చినంత నిశ్చయంగా నిధి రాలేదు. సాధారణ ఆదాయంలో పోలీసు, అగ్నిమాపక శాఖలతో పోటీపడితే కాలువల వంతు చివరికే వస్తుంది. వరద వచ్చిన ఏడాది కొంత సొమ్ము దొరుకుతుంది, మరుసటి ఏడాది మరుపున పడుతుంది.

ఈ కారణంగానే మంచినీటి సరఫరాకు ఉన్నట్లు వాననీటికి కూడా ప్రత్యేక నిధి, ప్రత్యేక బిల్లు ఏర్పడ్డాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్వ్యూ నగరం 1974లోనే ఇటువంటి వ్యవస్థను నెలకొల్పి, స్థలంలో కట్టడాల సాంద్రతను బట్టి రేటు నిర్ణయించింది. నేడు ఆ దేశంలో 1,500కు పైగా పట్టణాలు, కౌంటీలు ఈ మార్గంలో ఉన్నాయి.

దేనిని కొలవాలి?

ఆస్తి విలువ ఇందుకు తగిన కొలమానం కాదు. పది అంతస్తుల కార్యాలయ భవనం విలువ ఎక్కువ, దాని కప్పు చిన్నది. నగర శివారులోని గోదాము విలువ తక్కువ, దాని కప్పు, ముందున్న లారీల ఆవరణ కలిసి ఎకరాల కొద్దీ ఉంటాయి. నీటి మీటరు కూడా సరిపోదు. కుళాయే లేని వాహనాల నిలుపుదల స్థలం నీటిని వాడదు, కానీ వాన పడినప్పుడు అందరికంటే ఎక్కువ నీటిని కాలువలోకి తోస్తుంది. పైగా చర్చీలకు, పాఠశాలలకు, ప్రభుత్వ కార్యాలయాలకు ఆస్తిపన్ను మినహాయింపు ఉంటుంది. వాటి కప్పుల మీద పడే వానకు అటువంటి మినహాయింపు లేదు. మన పురపాలక సంఘాలలో ఆస్తిపన్నుకు అద్దె విలువ గానీ మూలధన విలువ గానీ ఆధారం. ఆ రెండింటిలోనూ వాన ప్రస్తావన లేదు.

అందువలన విమాన ఛాయాచిత్రాల సాయంతో ప్రతి స్థలంలో నీరింకని వైశాల్యాన్ని, అనగా కప్పు, కాంక్రీటు, తారు పరచిన భాగాన్ని కొలుస్తారు. ఊరిలోని సాధారణ ఇంటికి ఉండే నీరింకని వైశాల్యాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవడం విస్తృతంగా ఉన్న పద్ధతి. ఆ యూనిట్ 2,500 చదరపు అడుగులు అనుకుంటే, 50,000 చదరపు అడుగుల కప్పు, ఆవరణ గల దుకాణ సముదాయం 20 ఇళ్ల రుసుము చెల్లిస్తుంది. ఇళ్లన్నిటికీ సాధారణంగా ఒకే రేటు. ప్రతి ఇంటినీ విడిగా కొలిచే శ్రమకు వచ్చే ఫలితం స్వల్పం.

ఈ కొలమానం వెనుక ఉన్న జలశాస్త్రం వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు సుపరిచితమే. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన నేల సంరక్షణ సంస్థ 1950ల దశకంలో చిన్న వ్యవసాయ పరీవాహక ప్రాంతాల కోసం రూపొందించిన కర్వ్ నెంబర్ పద్ధతినే తరువాత నగరాలకు అన్వయించారు. పొలం గట్ల లెక్క నగర వీధులకు పనికివచ్చిందన్నమాట. తారు రోడ్డుకు ఆ సంఖ్య 98. నీరు ఒక మోస్తరుగా ఇంకే ‘బి’ తరగతి నేలలో మంచి పచ్చికకు 61. ఒకే వానలో 50 మిల్లీమీటర్లు కురిస్తే, ప్రారంభ నష్టాన్ని నేల గరిష్ఠ నిలుపుదలలో 0.2 వంతుగా తీసుకున్న లెక్క ప్రకారం తారు మీద నుండి సుమారు 44 మిల్లీమీటర్ల నీరు పారుతుంది. పచ్చిక మీద నుండి 2 మిల్లీమీటర్ల లోపే. ఈ తేడాయే రుసుముకు శాస్త్రీయ ఆధారం.

అయితే అదే పచ్చిక బరువైన బంకనేలలో, అనగా ‘డి’ తరగతిలో ఉంటే సంఖ్య 80కి పెరిగి, ప్రవాహం 14 మిల్లీమీటర్లకు చేరుతుంది. నీరింకని వైశాల్యాన్ని మాత్రమే లెక్కించే నగరంలో ఈ రెండు పచ్చికలకూ రుసుము సున్నాయే. నిర్మాణ యంత్రాలు తొక్కి గట్టిపరచిన నేల మీద పలుచగా పచ్చిక పరచినా పరిస్థితి ఇంతే. నేల స్వభావాన్ని ఎరిగినవారికి ఈ లోపం వెంటనే కనబడుతుంది.

ఫిలడెల్ఫియా ఉదాహరణ

ఫిలడెల్ఫియాలో సుమారు 60 శాతం ప్రాంతంలో మురుగునీరు, వాననీరు ఒకే గొట్టంలో ప్రవహిస్తాయి. వాన జోరుగా పడినప్పుడు గొట్టం పట్టక, ఆ మిశ్రమం డెలావేర్, స్కూల్కిల్ నదులలోనికి పొర్లుతుంది. భూగర్భంలో భారీ సొరంగాలు తవ్వి నీటిని నిలవచేయడం ఇందుకు సంప్రదాయ పరిష్కారం. ఫిలడెల్ఫియా 2011లో వేరొక దారి ఎంచుకొని, 25 సంవత్సరాల ప్రణాళికను ఆమోదించింది. వీధుల పక్కన చెట్ల గుంతలు, ఇంకుడు మడులు, మొక్కలు పెంచే కప్పులు, నీరింకే రాతి పరుపులు మొదలైన వాటితో వానను పడినచోటే ఆపడం ఆ ప్రణాళిక సారం. దాని లెక్క కూడా రైతుకు అర్థమయ్యేదే. ఒక ఎకరం కఠిన ఉపరితలంపై పడే కనీసం మొదటి అంగుళం వానను నిలపగలిగితే దానిని ‘హరిత ఎకరం’గా పరిగణిస్తారు. ఎకరంపై అంగుళం వాన అంటే సుమారు 1,03,000 లీటర్లు. ఇటువంటివి దాదాపు 10,000 ఎకరాలు సాధించాలన్నది లక్ష్యం.

అన్ని ఎకరాలు ప్రభుత్వ స్థలాలలో దొరకవు. అక్కడే రుసుము అసలు పని మొదలవుతుంది. పూర్వం ఆ నగరంలో వాననీటి ఖర్చును నీటి మీటరు పరిమాణాన్ని బట్టి వసూలు చేసేవారు. 2010 జూలై నుండి నాలుగేళ్లలో దశలవారీగా వాణిజ్య స్థలాలను స్థల వైశాల్యపు లెక్కలోనికి మార్చారు. బిల్లులో 80 శాతం భాగం నీరింకని వైశాల్యానికి, 20 శాతం భాగం మొత్తం స్థల వైశాల్యానికి ముడిపెట్టారు. కట్టడం లేని నేల నుండి కూడా కొంత నీరు పారుతుందని ఈ 20 శాతం అంగీకరిస్తుంది. పైన చెప్పిన బంకనేల లోపానికి ఇది పూర్తి సమాధానం కాకపోయినా, సున్నా కంటే నయం.

భారం తారుమారయింది. మీటరు పెద్దదై కప్పు చిన్నదైన భవనాలకు బిల్లు తగ్గింది. గోదాములకు, వాహనాల నిలుపుదల స్థలాలకు అనేక రెట్లు పెరిగింది. వ్యాపారులు గట్టిగా నిరసించారు. నగరం వార్షిక పెంపుపై పరిమితి విధించడమే గాక, తమ స్థలంలో వాననీటిని నిలిపినవారికి బిల్లులో రాయితీ ఇచ్చింది. నిర్మాణ వ్యయానికి 2012 నుండి గ్రాంట్లు కూడా సమకూర్చింది. ఈ గ్రాంట్లే కీలకమని మా అభిప్రాయం. రాయితీ ఒక్కదానితో పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

మరొక చిక్కు ఊహించనిది. ఖాళీ స్థలాలలో కూరగాయలు పండించే సామూహిక తోటలకు కూడా స్థల వైశాల్యాన్ని బట్టి బిల్లులు వచ్చాయి. వానను పీల్చుకొనే నేలకు వానబిల్లు రావడంలోని అసంబద్ధత గ్రహించి, 2016లో నగర సభ ఆ తోటలకు ప్రత్యేక రాయితీని ఆమోదించింది.

రుసుమా, పన్నా?

ఈ ప్రశ్న మాటల తగాదా వలె కనిపించినా, అనేక నగరాల నిధి దీనిపైనే నిలిచింది, కూలింది. మిషిగన్‌లోని లాన్సింగ్ నగరపు వాననీటి రుసుమును ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం 1998లో కొట్టివేసింది. రుసుము అయితే పొందిన సేవకు తగిన నిష్పత్తిలో ఉండాలి, చెల్లించేవానికి తప్పించుకొనే వీలుండాలి. అవి లేనందున ఇది ఓటర్ల ఆమోదం లేని పన్ను అని తీర్పు. తరువాతి నగరాలు రాయితీలను శ్రద్ధగా రూపొందించడానికి ఇటువంటి తీర్పులు కూడా కారణం. నీటిని ఆపి బిల్లు తగ్గించుకోగలిగితేనే అది రుసుము అనిపించుకుంటుంది. ఇక కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలే ‘ఇది పన్ను, మేము చెల్లించము’ అని వాదించగా, 2011 జనవరిలో వచ్చిన చట్టం వాటిచేత చెల్లింపజేసింది.

మేరీల్యాండ్‌లో ఓటమి న్యాయస్థానంలో గాక, పేరులో జరిగింది. చెసాపీక్ అఖాతంలోనికి చేరే నత్రజని, భాస్వరం, ఒండ్రు తగ్గించే నిమిత్తం 2012 చట్టం పది పెద్ద కౌంటీ, నగర పాలనలను రుసుము విధించమని ఆదేశించింది. ప్రత్యర్థులు దానికి ‘వాన పన్ను’ అని పేరు పెట్టారు. ఆ పేరు అతికింది. ఫ్రెడెరిక్ కౌంటీ ఆస్తికి ఏడాదికి ఒక సెంటు విధించి చట్టాన్ని వెక్కిరించింది. 2014 గవర్నరు ఎన్నికలలో ఇది ప్రచారాంశమైంది. 2015లో నిర్బంధం తొలగిపోయింది. అయితే నిధులు ఎక్కడినుండి తెస్తారో చూపవలసిన బాధ్యత మాత్రం మిగిలింది.

కాలిఫోర్నియాలో 1996 నాటి రాజ్యాంగ సవరణ, దానిపై 2002లో వచ్చిన తీర్పు వలన ఓటర్ల ఆమోదం తప్పనిసరి అయింది. లాస్ ఏంజిలిస్ కౌంటీ ఈ కారణంగా దానిని పన్ను అనే పిలిచి, 2018 నవంబరులో ప్రజల ముందు ఉంచింది. నీరింకని ప్రతి చదరపు అడుగుకు ఏడాదికి 2.5 సెంట్ల చొప్పున విధించే ఆ ప్రతిపాదనకు అవసరమైన మూడింట రెండు వంతుల మద్దతు లభించింది. కరవు పీడిత ప్రాంతంలో సముద్రం పాలవుతున్న వానను పట్టి భూగర్భంలో నింపుతామన్న హామీ అందుకు తోడ్పడింది. వసూలులో 50 శాతం ప్రాంతీయ పథకాలకు, 40 శాతం పట్టణాలకు, 10 శాతం కౌంటీ వరద నియంత్రణ విభాగానికి పోతుంది.

రుసుము కొలవలేనిది

2,000 చదరపు అడుగుల కప్పు, వాకిలి గల ఇంటికి లాస్ ఏంజిలిస్‌లో ఏడాదికి 50 డాలర్లు. ఆ ఇంటివారు 500 చదరపు అడుగుల కాంక్రీటు తొలగించినా, మిగిలేది పన్నెండున్నర డాలర్లు. ఆ మాత్రానికి ఎవరూ గడ్డపార పట్టరు. ఇళ్ల విషయంలో ఈ రుసుము నిధిని కూడబెడుతుందే తప్ప అలవాటును మార్చదు. పెద్ద వాణిజ్య స్థలాలలో మాత్రమే ధర కొంత ప్రభావం చూపగలదు.

అంతకంటే ముఖ్యమైనది, రుసుము నీటి పరిమాణాన్ని లెక్కిస్తుంది గాని అందులోని మలినాన్ని కాదు. అతిగా ఎరువు వేసిన పచ్చిక బయలు, ఏ ఎరువూ ఎరుగని గడ్డినేల బిల్లులో సమానం. మేరీల్యాండ్ ఈ లోటును వేరొక చట్టంతో పూడ్చింది. 2011లో ఆమోదించి, 2013 అక్టోబరు నుండి అమలుచేసిన పచ్చిక ఎరువుల చట్టం ప్రకారం, సాధారణంగా భూసార పరీక్షలో కొరత తేలితే తప్ప భాస్వరం వేయరాదు. ఒక విడతలో వేసే నత్రజని 1,000 చదరపు అడుగులకు 0.9 పౌండ్లు మించరాదు. అందులో కనీసం 20 శాతం నెమ్మదిగా విడుదలయ్యే రూపంలో ఉండాలి. నవంబరు మధ్య నుండి మార్చి మొదటి రోజు వరకు ఇళ్లవారు ఎరువు వేయడం నిషిద్ధం. నడకదారి, వాకిలి వంటి నీరింకని నేలపై ఎరువు చల్లడం కూడా నిషిద్ధమే. పొరపాటున అక్కడ పడిన గుళికలను వాన రాకముందే ఊడ్చి తిరిగి పచ్చికలో వేయాలని తోటపని వారికి సలహా ఇస్తారు.